సరస్సు మీదకి తిప్పిన విమానాలు

ఆ ఏడాది జూన్ మొదట్లో విమానాశ్రయం వాళ్ళు పెద్ద రన్‌వేని తవ్వేశారు. మంచు పడేలోగా కొత్తది పోసేస్తామన్నారు. అప్పటిదాకా దిగే విమానాలన్నీ అడ్డంగా ఉన్న రెండో రన్‌వే మీదకే రావాలి. ఆ దారి సరిగ్గా మా వీధి మీద మలుపు తిరుగుతుంది. అంతకుముందు మాకు విమానమంటే సరస్సు అవతల ఎక్కడో మెరిసే చుక్క. ఇప్పుడు దాని పొట్ట కింద తలుపులు తెరుచుకుని చక్రాలు బయటికి రావడం కూడా కనబడేది.

నాది చిన్న బార్బర్ షాపు. కుర్చీలు మూడున్నా పనిచేసేది నేనొక్కణ్ణే. గడ్డం గీస్తుండగా విమానం వస్తే కత్తి పైకెత్తి ఆగిపోయేవాణ్ణి. అద్దం వణికేది. అరలో సీసాలు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. కుర్చీలో మనిషి కళ్ళు మూసుకునే తిట్టేవాడు. అది దాటిపోయాక మళ్ళీ చెంప మీద కత్తి ఆనించేవాణ్ణి.

"మీ అక్కకి చెప్పరాదటోయ్ కాజ్, కాస్త పక్క వీధిలోంచి తోలుకెళ్ళమని," అనేవాడు హెర్బర్ట్. ఆయన మా పక్కింటాయన. రోజూ గీయించుకునేంత గడ్డం లేకపోయినా రోజూ వచ్చి కూర్చునేవాడు.

"మా అక్క ఉండేది విమానాశ్రయం టవర్‌లో కాదు హెర్బర్ట్. కిటికీ కూడా లేని గదిలో. ఎదురుగా రాడార్ తెర ఒక్కటే ఉంటుంది."

"కిటికీ లేదా? అదీ సంగతి. బయటికి చూస్తే కదా కింద మనుషులున్నారని తెలిసేది."

షాపంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం కొంచెం గర్వంగానే ఉండేది. ఊళ్ళోకి దిగే ప్రతి విమానమూ మా ఉర్సులా అక్క చెప్పిన వైపుకే తిరుగుతుంది. పాతికేళ్ళకు పైగా ఆ పనిలో ఉంది, ఒక్క మాట పడలేదు. ఆ ఉద్యోగంలో యాభై ఆరు నిండగానే ఇంటికి పంపేస్తారు. తనకింకా రెండేళ్ళుంది.

ఆగస్టులో మా అమ్మాయి క్లారిస్ పెళ్ళి. చర్చిలో చేద్దామన్నాను గాని పిల్లలిద్దరూ మా పెరడే కావాలన్నారు. పెళ్ళికొడుకు డెస్మండ్‌ని పెంచింది వాళ్ళ తాతగారు, రెవరెండ్ అంబ్రోజ్. ఆయన చేతుల మీదుగానే పెళ్ళి జరగాలని డెస్మండ్ పట్టు. ఆయనకి గొంతు ఆపరేషన్ అయింది. మాట వస్తుంది గాని పక్క గదిలో ఎవరో కాగితం తిప్పినంత చప్పుడే వస్తుంది. ఒకసారి ఆయన మా పెరట్లో నిలబడి మైకు పట్టుకుని పరీక్షగా నాలుగు ముక్కలు చదివారు. రెండో ముక్క దగ్గరే విమానం వచ్చింది. ఆయన ఆగారు. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ వచ్చింది. ఆయన చిరునవ్వు నవ్వి పుస్తకం మూసేశారు. డెస్మండ్ తల దించుకుని మైకు వైరు చుట్టడం మొదలుపెట్టాడు.

జూలైలో ఒక ఆదివారం అక్క భోజనానికి వచ్చింది. మా ఆవిడ లోరెట్టా బంగాళదుంప కూరి ఉడికించిన కజ్జికాయల్లాంటి పీరోగీలు చేసింది. అవి అక్కకి ప్రాణం. తిన్నాక పిల్లలు పెరట్లో కుర్చీలు ఎలా వేయాలా అని కొలుచుకుంటుంటే నేనూ అక్కా వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాం. లోరెట్టా బల్ల తుడుస్తోంది.

"పెళ్ళి రోజు సెలవు దొరకలేదురా," అంది అక్క, గిన్నె మీంచి కళ్ళెత్తకుండా. "మనుషులు తక్కువున్నారు. ఉన్నవాళ్ళం వారానికి ఆరు రోజులు కూర్చుంటున్నాం. ఆ మధ్యాహ్నం షిఫ్టు నాదే. దిగగానే వచ్చేస్తాను, రాత్రి భోజనాల వేళకి ఉంటాను."

"ఒక్కగానొక్క మేనకోడలు పెళ్ళికి కూడానా?"

"ఎంతమందిని అడిగానో నీకు తెలీదు. ఎవరూ మార్చుకోలేదు."

నాకు కోపం రావాల్సిన పని లేదు. అయినా వచ్చింది. దాన్ని సరదాగా మార్చి అన్నాను. "సరే, రాకపోతే పోనీ. నీ కుర్చీలోంచే కట్నం చదివించు. ప్రమాణాలు చెప్పుకునే ఆ అరగంటా విమానాల్ని మా మీంచి కాకుండా సరస్సు మీంచి తిప్పు."

అక్క నవ్వింది. "అలా కుదరదు."

"ఎందుకు కుదరదు? దారి నువ్వే కదా చెప్పేది."

"దారి చెప్తాను. దారి నాది కాదు."

"మబ్బు పట్టినప్పుడు తిప్పట్లేదా? మొన్న ఉరుములొచ్చినప్పుడు అన్నీ అటే పోయాయి. నేను చూశాను."

"అది ఉరుముల కోసం."

"ఆ ముసలాయన గొంతు నువ్వు వినలేదు అక్కా. పిల్ల పెళ్ళిలో ఒక్క మాట ఎవరికీ వినబడదు."

ఆమె కుళాయి కట్టేసింది. "కాజ్, వద్దు. అడక్కు."

అప్పుడన్నాను ఆ మాట. పెద్దగా అనలేదు, గిన్నె తుడుస్తూ మామూలుగానే అన్నాను. "నీకూ ఒక పిల్ల ఉండుంటే తెలిసేది."

బల్ల తుడుస్తున్న లోరెట్టా చెయ్యి ఆగిపోయింది. అక్క కాసేపు కిటికీలోంచి పెరట్లోకి చూసింది. క్లారిస్ కుర్చీ ఎక్కి నిలబడి ఏదో చెప్తోంది, డెస్మండ్ చెవి మీద చెయ్యి పెట్టుకుని వినబడట్లేదని సైగ చేస్తున్నాడు. మీంచి విమానం పోతోంది.

"ఆకాశం బాగుండి, రద్దీ లేకపోతే చూస్తాను," అంది అక్క. "మాటివ్వను. ఎన్నింటికి?"

"మూడింటికి," అన్నాను.

పెళ్ళి రోజు ఆకాశం కడిగిన గిన్నెలా ఉంది. కుర్చీలన్నీ నిండాయి. మూడు కావొస్తున్నా విమానాలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. డెస్మండ్ వైపు చుట్టాలు టోపీలు పట్టుకుని పైకి చూస్తున్నారు. క్లారిస్‌ని చేయి పట్టుకుని తీసుకొచ్చి డెస్మండ్ పక్కన నిలబెట్టి నేను ముందు వరసలో కూర్చున్నాను. అంబ్రోజ్ గారు పుస్తకం తెరిచారు.

మీంచి ఒక విమానం పోయింది. ఆ తర్వాత ఏదీ రాలేదు.

మొదట ఎవరూ గమనించలేదు. కాసేపటికి ఒక్కొక్కరే తలలెత్తారు. హెర్బర్ట్ వెనక్కి తిరిగి ఆకాశాన్నంతా ఒకసారి వెతికి శిలువ గుర్తు వేసుకున్నాడు. అంబ్రోజ్ గారు ఒక్క క్షణం ఆగి, ఏదో రావాలి కదా అన్నట్టు చూసి, రాకపోయేసరికి చదవడం మొదలుపెట్టారు. అందరూ ముందుకి వంగారు. నా పక్కన లోరెట్టా నా చేతిని గట్టిగా పట్టుకుంది. సంతోషంతో అనుకున్నాను.

పిల్లలు ముద్దు పెట్టుకున్నాక, చప్పట్లు సద్దుమణిగాక, మళ్ళీ ఒక విమానం వచ్చింది. ఈసారి జనం దాన్ని చూసి నవ్వి, దానికీ చప్పట్లు కొట్టారు. క్లారిస్ తల మీద పూలు సర్దుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"నాన్నా, విన్నావా? దేవుడే ఊపిరి బిగబట్టుకున్నాడు."

"అవునమ్మా," అన్నాను. అక్క వచ్చాక ఆమె ఎదురుగానే అసలు సంగతి చెప్పి అందరినీ ఆశ్చర్యపరచాలని నా ఉద్దేశం.

అక్క రాలేదు. భోజనాలయ్యాయి, పాటలయ్యాయి. ఆమె కోసం తీసి పెట్టిన పళ్ళెం చల్లారిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. అలసిపోయి పడుకుని ఉంటుందిలే అన్నాను. లోరెట్టా ఆ పళ్ళెం మీద మూత పెట్టింది.

మర్నాడు పొద్దున పెరట్లో కుర్చీలు మడుస్తుంటే వంటింటి రేడియోలో వార్త విన్నాను. నిన్న మధ్యాహ్నం సరస్సు మీద రెండు ప్రయాణికుల విమానాలు ప్రమాదకరంగా దగ్గరికి వచ్చాయనీ, ఒక విమానంలో సిబ్బంది ఒకరికి దెబ్బ తగిలిందనీ, విచారణ మొదలైందనీ చెప్పారు. మూడు ముక్కల్లో అయిపోయింది. ఆ వెంటనే ఆటల స్కోర్లు.

చేతిలో కుర్చీ అక్కడే వదిలేసి అక్క ఇంటికి వెళ్ళాను. ఆమె వెనక వైపు టొమాటో మొక్కలకి పైపుతో నీళ్ళు పెడుతోంది. మడి నిండి నీళ్ళు దారి మీదకి పారుతున్నాయి. ఆమె చూసుకోవట్లేదు.

"పెళ్ళి బాగా జరిగిందా?" అంది.

"అక్కా, రేడియోలో..."

"ఆ. అది నాదే."

నేను వెళ్ళి కుళాయి కట్టేశాను. ఆమె మెట్టు మీద కూర్చుంది. అడక్కుండానే చెప్పింది, ఎవరి సంగతో చెప్పినట్టు.

"రోజూ అయితే పడమటి నుంచి వచ్చే పెద్దవాటిని మీ వీధి మీదే తిప్పేస్తాను. సరస్సు వైపు ఉత్తరం నుంచి చిన్నవి దిగుతుంటాయి, ఆ చోటు వాటిది. నిన్న పెద్దవాటిని కూడా అటే పంపాను. బాగానే సర్దుతున్నాను. చివర్లో ఒకదాన్ని కిందికి దిగమన్నాను. దాని కింద ఇంకోటి ఉందని నాకు తెలుసురా. తెలిసే మర్చిపోయాను."

"ఎంత దగ్గరగా..."

"రెండింటికీ మధ్య మూడు మైళ్ళ ఎడమన్నా ఉండాలి, లేదంటే వెయ్యి అడుగుల ఎత్తు తేడా అన్నా ఉండాలి. రెండూ లేవు. చిన్నదాని పైలట్ అన్నాడు, పెద్దదాని కిటికీల్లో తలలు కనబడ్డాయని." ఆమె అరచేతులు చీరుకుపోయాయేమో అన్నట్టు చూసుకుంది. "తెర మీద రెండూ ఎర్రబడ్డాయి. ఒకదాన్ని పక్కకి తిప్పాను. ఈలోగా పెద్దదాంట్లో అలారం మోగి, పైలట్ ఒక్కసారిగా పైకి లేపేశాడు. లోపల ఒకావిడ ఖాళీ కప్పులు ఏరుతోందట. పడిపోయింది. భుజం దగ్గర ఎముక విరిగింది. పేరేంటని అడిగాను. నాకు చెప్పలేదు."

"తర్వాత?"

"ఇంకొకరు వచ్చి నా వెనక నిలబడ్డారు. లేచి కుర్చీ ఇచ్చేశాను. ఎందుకు అటు తిప్పావని అడిగారు. కింద మా మేనకోడలి పెళ్ళి జరుగుతోందని చెప్పాను."

"నేనడిగానని చెప్పావా?"

ఆమె నావైపు నిజంగానే అర్థం కానట్టు చూసింది. "నువ్వక్కడ లేవు కదరా."

ఆ వారం షాపు తెరవక తప్పలేదు. పెళ్ళికి వచ్చినవాళ్ళంతా ఆ నిశ్శబ్దం గురించే మాట్లాడారు. రెండు రోజుల తర్వాత పేపర్లో విమానాల వార్త కొంచెం వివరంగా వచ్చింది. పేరు రాయలేదు, అనుభవమున్న కంట్రోలర్ అని మాత్రం రాశారు. రెండు విమానాల్లో కలిపి నూట ముప్ఫై మంది ఉన్నారట. హెర్బర్ట్ నా కుర్చీలో కూర్చుని, ముఖం నిండా నురగతో, అది చదివి వినిపించాడు.

"నూట ముప్ఫై ప్రాణాలు. ఎవడో నిద్రపోయుంటాడు. ఇలాంటివాళ్ళని ఆ గదిలోంచి చొక్కా పట్టుకు లాగి బయటపడెయ్యాలి."

వెనక కూర్చున్న మెకానిక్ అవునన్నాడు. "తాగి కూర్చున్నాడేమో ఎవరికి తెలుసు."

నేను కత్తి నూరుతున్నాను.

"మీ అక్క గనక ఆ రోజు కూర్చునుంటే ఇలా జరిగేది కాదు కాజ్," అన్నాడు హెర్బర్ట్ నన్ను సంతోషపెడదామని. "ఆవిడ పని ఆవిడ పనే."

చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాను కూడా. విమానమొచ్చింది. అద్దం వణికింది. నేను కత్తి పైకెత్తి పట్టుకున్నాను. అది పోయేసరికి హెర్బర్ట్ వేరే కబురులోకి వెళ్ళిపోయాడు. నేను ఆయన గడ్డం గీయడం మొదలుపెట్టాను. ఆ విమానాన్ని చూసి నాకు మొదటిసారి హాయిగా అనిపించింది. అందుకే ఆ రోజంతా నన్ను నేను చూసుకోలేక అద్దం వైపు తిరక్కుండా పనిచేశాను.

ఆ సాయంత్రం లోరెట్టాకి చెప్పాను, విచారణాధికారి దగ్గరికి వెళ్తానని.

"వెళ్ళు," అంది. "కానీ విమానాల సంగతి ఒక్కటే కాదు కాజ్. నీకూ ఒక పిల్ల ఉండుంటే అన్న ఆ మాట అనకుండా ఉండాల్సింది. వదిన ఆ తర్వాతే ఒప్పుకుంది. పెళ్ళిలో ఆ చప్పుడు ఆగిపోగానే నాకు భయమేసింది," అంది.

అప్పుడు గాని ఆమె నా చెయ్యి ఎందుకు పట్టుకుందో నాకు తెలియలేదు.

విచారణాధికారి మిస్ టాల్బట్ అనే సన్నటి మనిషి. విమానాశ్రయం దగ్గరే ఒక గదిలో కూర్చునుంది. ఆదివారం కోటు వేసుకుని వెళ్ళాను. అడిగింది నేనేననీ, బలవంతపెట్టింది నేనేననీ, ఏమని బలవంతపెట్టానో అదీ చెప్పాను. ఆమె మర్యాదగా విన్నది. ఏమీ రాసుకోలేదు.

"రాసుకోరా?" అన్నాను.

"మీరు ఆ రోజు రాడార్ గదిలో మైకు దగ్గరున్నారా?"

"లేను."

"కాజ్ గారూ, పైలట్లు మమ్మల్ని దగ్గర దారి అడుగుతారు. కంపెనీలు అడుగుతాయి. మీ వీధివాళ్ళు అడుగుతారు, మేయరు అడుగుతాడు. అందరూ అడుగుతారు కాబట్టే కాదనడానికి ఒక మనిషిని అక్కడ కూర్చోబెడతాం. మీ అక్కగారికి అది మీకంటే, నాకంటే బాగా తెలుసు." ఆమె లేచి తలుపు దాకా వచ్చింది. "ఇంటికెళ్ళండి. మీ మీద నేను రాయగలిగింది ఏమీ లేదు."

బయట కారులో చాలాసేపు కూర్చున్నాను. తిట్టినా బాగుండేది. నా తప్పు చేతిలో పట్టుకుని వెళ్తే, దాన్ని దించుకోవడానికి ఎక్కడా చోటు లేదని తిప్పి పంపేశారు.

పెళ్ళయ్యాక డెస్మండ్‌తో ఊరెళ్ళిన క్లారిస్ తిరిగి రాగానే నేనే చెప్పాను. అప్పటిదాకా కనబడ్డ ప్రతివాళ్ళకీ ఆ నిశ్శబ్దం గురించి చెప్పి మురిసిపోతోంది. విని తాళాలు తీసుకుంది. వెంటనే బయల్దేరి వాళ్ళ అత్త దగ్గరికి వెళ్ళి ఆ పూటంతా ఉండొచ్చింది. ఆ తర్వాత ఆమె తన పెళ్ళి గురించి ఎవరికీ చెప్పడం నేను వినలేదు.

హెర్బర్ట్‌కి కూడా చెప్పాను, షాపులో అందరి ముందూ. ఆయన ఎర్రబడ్డాడు. టోపీ తీసుకుని వెళ్ళిపోయి మూడు రోజులు రాలేదు. వచ్చాక విమానాల ఊసెత్తలేదు.

అక్కని తీసెయ్యలేదు. మళ్ళీ శిక్షణ ఇచ్చారు. తనకంటే ముప్ఫై ఏళ్ళు చిన్నవాడు పక్కన కూర్చుని చూస్తుంటే, కొత్త పిల్లలా అన్నీ మొదటినుంచి చేసి చూపించింది. అన్నిట్లోనూ నెగ్గింది. సెప్టెంబరు చివర్లో ఒంటరిగా కూర్చోనిచ్చారు. ఆ ఒక్క షిఫ్టూ చేసి, మర్నాడు వెళ్ళి ఉద్యోగం మానేస్తానని చెప్పేసింది.

అక్టోబరులో పెద్ద రన్‌వే తెరిచారు. ఆ సోమవారం విమానాలన్నీ పాత దారిన సరస్సు అవతలికి వెళ్ళిపోయాయి. వీధి వీధంతా బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని, ఎవరి గొంతు వాళ్ళకే కొత్తగా ఉన్నట్టు మాట్లాడుకున్నారు. సోమవారం నాకు సెలవు. షాపులో ఒక్కణ్ణే నేల తుడుస్తుంటే తలుపు చప్పుడైంది. అక్క.

"జుట్టు కత్తిరించు," అంది కుర్చీలో కూర్చుంటూ. "ఇంక తల మీద హెడ్‌సెట్ పెట్టుకునేది లేదు. పొట్టిగా చేసెయ్."

ఆమె జుట్టు నేను ఎప్పుడూ కత్తిరించలేదు. గుడ్డ కప్పి, ముడి విప్పి దువ్వాను. నేననుకున్నదానికంటే చాలా తెల్లబడింది.

"ఎందుకు మానేశావు అక్కా? నెగ్గావు కదా."

"నెగ్గాను." అద్దంలో నన్ను చూసింది. "మొన్న మళ్ళీ ఒంటరిగా కూర్చున్నానా, ఒక విమానాన్ని తిప్పుతూ, దాని కింద ఏ ఇల్లుందో అనుకున్నాను. ఎవరు పడుకున్నారో, ఎవరికి ఒంట్లో బాగాలేదో అని. తర్వాత ఇంకోదాని కింద. పాతికేళ్ళూ అవి నాకు తెర మీద గుర్తులు. కింద మనుషులు కనబడ్డం మొదలయ్యాక పైన ఉన్నవాళ్ళని చూడలేం కాజ్."

కత్తెర ఆడించాను.

"నన్ను ఒక్క మాటన్నా అను," అన్నాను.

"ఏమనాలి?"

"ఏదో ఒకటి. ఆ రోజు వంటింట్లో నేనన్నదానికి."

గుడ్డ కింద చేతులు కదిలాయి. "అది నొప్పి పెట్టింది," అంది. "ఇప్పుడూ పెడుతుంది. దానికీ తిప్పినదానికీ ముడిపెట్టకు. మొదటిది నువ్వు చేశావు. రెండోది నేను చేశాను. రెండూ నువ్వే మోస్తానంటే నాకేం మిగులుతుంది?"

నేను తల వంచుకుని మెడ మీద వెంట్రుకలు దులిపాను. క్షమించమని అడిగాను. ఆమె తలూపింది. సరేనన్నట్టో, విన్నానన్నట్టో తెలియలేదు.

"ఒకటి అడుగుతాను, చెప్పు," అంది. "నాకెవరూ చెప్పలేదు. క్లారిస్ ఏడుస్తూ కూర్చుంది, దాన్నేం అడుగుతాను. ఆ అరగంటా ఎలా ఉందిరా? ఆ ముసలాయన మాట వినబడిందా?"

బ్రహ్మాండంగా ఉందని చెబుదామనుకున్నాను. పిచ్చుకల కిచకిచ కూడా వినబడిందని, అందరి కళ్ళూ తడిశాయని చెబుదామనుకున్నాను. అద్దంలో ఆమె కళ్ళు నామీదే ఉన్నాయి.

"నేను వినలేదు అక్కా," అన్నాను. "ఇంకోటి వస్తుందేమో, ఎప్పుడొస్తుందో అని ఆకాశం వైపే చెవి పెట్టి కూర్చున్నాను. ఆయనేం చదివారో, క్లారిస్ ఏం ప్రమాణం చేసిందో నాకు ఒక్క ముక్క తెలీదు."

ఆమె ఒక క్షణం అలాగే చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. పెళ్ళి తర్వాత ఆమె నవ్వడం నేను చూడలేదు. భుజాలు కదిలిపోతుంటే కత్తెర పక్కకి తీశాను. నవ్వు ఆగాక గుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుంది.

"మరి ఎవరు విన్నారు?"

"డెస్మండ్ విన్నాడు. అది చెప్పిన ప్రతి మాటకీ తల ఊపాడు."

"వాడు విన్నాడా," అంది అక్క. కుర్చీలో వెనక్కి ఆనుకుని కళ్ళు మూసుకుంది. "సరే అయితే. చెవుల దగ్గర ఇంకా పొట్టిగా చెయ్."